తూము దాకా పరుగు

ఎనభైల మొదట్లో మాట. మదనపల్లెలో కాలేజీ ఆడపిల్లల పరుగుపందేలు ముగించుకుని మా ఊరు పుంగనూరుకు వస్తున్నాను. ఊరికి కాస్త ఇవతల, చెరువుకట్ట పక్కన మేమెక్కిన కుప్పం బస్సు టైరు పంక్చరైంది. కొందరం దిగాం. నా చేతిలో కాన్వాస్ బూట్లు చూసి నలభై ఏళ్లావిడ దగ్గరికొచ్చింది.

"యాడ పరిగెత్తుతావమ్మా?"

"ఈ కట్ట మీదే అక్కా, దినామూ తెల్లారుతూనే. తూము కాడికి పోయి తిరిగొస్తా."

ఆమె పుట్టింది నెల్లూరు దిక్కున సముద్రం ఒడ్డునట. చిన్నప్పుడు తడి ఇసుకలో అలల వెంబడే పరిగెత్తేదట. పెళ్లయి కుప్పం వచ్చాక పరిగెత్తనే లేదంది. బస్సు వైపు చూసింది. లోపల ఆమె అత్త నిద్రపోతోంది.

"తూము దాకా పోదామా?" అంటూ చెప్పులు విడిచింది.

కుచ్చిళ్లు ఎగదోపుకుని పరుగందుకుంది. నేనే వెనకబడ్డాను. నీళ్ల మీది గాలికి కొప్పు ఊడినా ఆగలేదు. తూము దగ్గర నిలబడి, రొప్పుతూనే పగలబడి నవ్వింది.

"నా కాళ్లు మర్సిపోలేదమ్మా!"

హారన్ మోగింది. మేం బస్సెక్కేసరికి అత్త మేలుకొని, కిటికీలోంచి అంతా చూసేసింది.

"నేనే రమ్మంటినమ్మా," అన్నాను గబగబా.

"కాదత్తా, నేనే పోతి," అంది ఆమె, కొప్పు ముడుచుకుంటూ.

అత్త మొహం పక్కకు తిప్పుకుంది.

పుంగనూరు రాగానే నేను దిగిపోయాను. ఆమె కుప్పం దాకా ఆ అత్త పక్కనే కూర్చుని పోవాలి. నేనూ కుప్పం దాకా పోయుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.