పై గాంధారం

హైదరాబాద్ ఇంకా విడి రాష్ట్రంగా ఉన్న రోజులవి. నేను రేడియోలో లలిత గీతాలు పాడేవాణ్ణి. వాటికి వరుసలు కూడా నేనే కట్టుకునేవాణ్ణి. అవి విని మద్రాసు నిర్మాత ఒకాయన తన సినిమాకు సంగీతం చేయమన్నాడు. ఎగిరి గంతేశాను. సంగీతం చేస్తానని కాదు, సినిమాలో నా గొంతు వినిపిస్తుందని. ఒక పాట నేనే పాడతానని షరతు కూడా పెట్టాను. నాంపల్లిలో మా గల్లీ అంతటికీ మా ఆవిడ చాటింపు వేసేసింది.

నిర్మాత "చూద్దాం" అన్నాడు. చూడటమంటే ఏమిటో నెల తర్వాత తెలిసింది. పేరున్న గాయకుడొకరు కచేరీకి వచ్చి ఆబిడ్స్‌లో ఓ హోటల్లో దిగాడట. ఆయనకు నా పాట నేర్పాలి, ఇద్దరం పాడాలి, విని నిర్మాత తేలుస్తాడు. ఒళ్లు మండింది. అయినా హార్మోనియం రిక్షాలో వేసుకుని వెళ్లాను. నిర్మాత అప్పటికే అక్కడున్నాడు.

గాయకుడు నాకంటే చిన్నవాడు, నెమ్మదస్తుడు. రెండుసార్లు విని పల్లవి పట్టేశాడు. చరణం దగ్గర ఆగి, "పాట ఇక్కడ పైకి పోవాలని చూస్తోంది కదండీ, మీరెందుకు వెనక్కి తిప్పారు?" అని అడిగాడు.

నిజానికి పై షడ్జం దాటితే నా గొంతు చీలిపోతుంది. అందుకే ఏ వరుస కట్టినా అక్కడికి రాగానే ఓ మెలిక వేసి కిందికి దించేసేవాణ్ణి. అది నా బాణీ అని జనం మెచ్చుకుంటే నేనూ నమ్మేశాను. ఇన్నేళ్లూ పాటలను నా గొంతు కొలతకు కత్తిరిస్తున్నానన్నమాట. సిగ్గేసింది.

"పైకే పోనివ్వండి, షడ్జం దాటి ఇంకో రెండు స్వరాలు, పై గాంధారం దాకా" అన్నాను. అతను పాడాడు. ఆ చరణం అంత బాగుంటుందని కట్టిన నాకే తెలియదు.

"ఇప్పుడు మీరు" అన్నాడు నిర్మాత.

"నాకు అందదండీ. ఆయనే పాడతారు."

ఇంట్లో అడుగుపెట్టగానే మా ఆవిడ, "పాట మీరే పాడుతున్రు గదా?" అంది.

"లేదు. వరుస మార్చిన. గిప్పుడది నాకు అందదు."

"అందకుంట ఎందుకు మార్చిన్రు? గల్లీల అందరికి నేనేం జెప్పాలె?"

హార్మోనియం గోడవార దించి కూర్చున్నాను. ఆమె కోపం కొంచెం తగ్గాక, "సరే, నాకోసం ఆ పాతదే ఒక్కసారి పాడున్రి" అంది.

పల్లవి పాడాను. చరణంలో ఆ మెలిక వేయడానికి మనసొప్పలేదు. పైకే వెళ్లాను. గొంతు చీలింది. ఏడుపొచ్చింది.

ఆమె కొంగుతో నా కళ్లు తుడిచి, "ఔ, గిదే బాగుంది" అంది.