మేష్టారు ఆ ముక్క చెప్పారు

డ్రాయింగు మేష్టారు పోయారన్న కబురు నాకు పాలు పోసే ఆవిడ చెప్పింది. పొద్దున్నే గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వెళితే, "మీ నెట్ సెంటరుకి వచ్చేవారు చూడండి, కత్తుల మేష్టారు, తెల్లారగట్ల పోయారంటండి. నిద్దట్లోనేనంట. పుణ్యాత్ములండి" అంది. ఆ క్షణంలో నాకు మొదట తోచిన మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఇక ఆ సంగతి ఎవరికీ తెలియదు అనుకున్నాను. ఏడుపు ఆ తరువాత వచ్చింది.

ఈ నాలుగు ముక్కలూ ఆయన్ని తలుచుకుందామని మొదలుపెట్టాను. రాస్తూ ఉంటే నా తప్పు చెప్పుకోవడమే ఎక్కువయ్యేలా ఉంది. పాఠకులు మన్నించాలి. ఒకటి వదిలి ఇంకొకటి చెప్పడం నాకు చేతకావడం లేదు.

కొవ్వూరులో మా వీధి చివరి ఇల్లు మేష్టారి వాళ్ళది. రిటైరయ్యేదాకా హైస్కూల్లో బొమ్మలు వేయడం నేర్పారు. క్లాసులో అందరి పెన్సిళ్ళూ ఆయనే చాకుతో చెక్కి ఇచ్చేవారట. ఆ చాకు మీది మోజు ముదిరి, పాత మడత చాకులు పోగుచేసే పిచ్చిగా మారింది. కొమ్ము పిడివి, ఇత్తడి పిడివి, వేలెడంతవి, జానెడంతవి, అన్నీ ఒక చెక్కపెట్టెలో గుడ్డల మధ్య పడుకుని ఉండేవి. గోదావరి మీద లాంచీ నడిపిన సరంగు ఒకాయన ముసలితనంలో పిలిచి మరీ ఇచ్చిన చాకు కూడా అందులో ఉండేది. ఊరంతా కత్తుల మేష్టారని పిలిచినా, ఆ ఇంట్లో వంకాయ తరిగేది పిన్నిగారే, అదీ కత్తిపీట మీదే. పిన్నిగారంటే మేష్టారి భార్య. వరసకేం కాదు, నేను అలా పిలుస్తాను.

నేను మా ముందు గదిలో మూడు కంప్యూటర్లు పెట్టి నెట్ సెంటరు తెరిచిన కొత్తలో, ఆయన న్యూస్‌పేపరులో చుట్టిన పొట్లం ఒకటి చంకలో పెట్టుకుని వచ్చారు. పాత చాకులంటే ఇష్టపడేవాళ్ళంతా ఇంటర్నెట్‌లో ఒక గుంపుగా చేరి, ఒకరి దగ్గర ఒకరు కొనుక్కుంటారని ఎవరో ఆయనకు ఉత్తరం రాశారు. మేష్టారి కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, తెర వైపు చూస్తే కళ్ళు నీళ్ళు కారతాయి. "నేను చెప్తా ఉంటాను, నువ్వు ఇంగ్లీషులో కొట్టు అమ్మాయ్. కొట్టాక మళ్ళీ తెలుగులో చదివి వినిపించు" అన్నారు. అలా నేను ఆయనకు కళ్ళూ చేతులూ అయ్యాను.

ఎందుకు అమ్మడమని అడిగాను. "డెబ్బై దాటాయి కదమ్మా. నేను పోయాక వీటిని పాత ఇనుములో వేసేస్తారు. నేనుండగానే తెలిసిన చేతుల్లో పెట్టాలి" అన్నారు.

ఆ తెలిసిన చేతులు దొరకడం మాత్రం అంత తేలిక కాదు. కొంటానన్న మనిషికి ముందు ప్రశ్నలు వెళ్ళేవి. వయసెంత? ఏం చేస్తారు? ఇంట్లో చిన్నపిల్లలున్నారా? ఉంటే దీన్ని ఎక్కడ దాస్తారు? జవాబులు నచ్చితేనే మాట ముందుకు వెళ్ళేది. ఒకాయన వేళాకోళానికి, దీన్ని చూపించి పక్కింటివాణ్ణి భయపెడతానని రాశాడు. మేష్టారు ఆ బేరం అక్కడే ఆపేశారు. "సరదాకన్నాడేమోనండీ" అన్నాను. "సరదాకి ఆ మాట వచ్చినవాడికి కోపంలో ఏమొస్తుందో మనకెందుకమ్మా" అన్నారు.

నేను ఊరుకోకుండా, "చాకుని అమ్ముతున్నారా, పిల్లనిస్తున్నారా మేష్టారూ?" అని ఆటపట్టించేదాన్ని. ఆయన నవ్వేవారు కాదు. "పిల్లకైతే నోరుంటుంది, తన సంగతి తను చెప్పుకుంటుంది. దీనికి నోరేదీ? దీని తరఫున మనమే చెప్పాలి."

చెప్పడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. లోపాలు ముందు, గుణాలు తరువాత. తుప్పు మచ్చ ఎక్కడుంది, పిడి ఎక్కడ చిట్లింది, మేకు ఏది మార్చింది, అన్నీ వరసగా రాయించి, అప్పుడుగానీ చాకు అందం గురించి ఒక్క ముక్క చెప్పేవారు కాదు. వాళ్ళ నాన్నగారు గేదెల బేరం చేసేవారట. "మా నాన్న సంతలో ముందు తన్నే కాలు చూపించి, ఆనక పొదుగు చూపించేవాడు. కొన్నవాడు ఒక్కడూ తిరిగొచ్చి తిట్టలేదు" అనేవారు.

పార్శిలు కట్టడం ఒక పూట పని. అలుగుకు, అంటే చాకులో కోసే భాగానికి, కుట్టుమిషను నూనె రాసి, మడిచి, తెరుచుకోకుండా దారం చుట్టి, అట్టముక్కల మధ్య బిగించి, ఆ పైన గుడ్డ. పోస్టాఫీసు కౌంటరు దగ్గర అడగకపోయినా లోపల చాకుందని చెప్పి, పైన రాయించేవారు. అంత జాగ్రత్త ఎందుకని ఒకసారి విసుక్కున్నాను. "మధ్యలో మోసేవాడు మనకి కనపడడు. వాడికీ వేళ్ళుంటాయి" అన్నారు.

గుంపులో ఆయన మాటకు ఎంత విలువ ఉండేదో నాకు తెలుసు, ఆ జవాబులు చదివింది నేనే కదా. ఆయన పెట్టిన వస్తువును ఫోటో చూడకుండా తీసుకుంటామని రాసేవాళ్ళు. అది చదివి వినిపించినప్పుడు మాత్రం మేష్టారు చిన్నపిల్లాడిలా, "ఏదీ, ఇంకోసారి చదువు" అనేవారు.

సరంగుగారి చాకు అమ్మకానికి పెట్టిన రోజు ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయి. సెంటరులో కాలు పెట్టే చోటు లేదు. హాల్ టికెట్లు పట్టుకుని పిల్లలు, వాళ్ళ వెనక తండ్రులు. లైను తెగుతోంది, కలుస్తోంది. రేపు రమ్మంటే పోయేది. మూడో కంప్యూటరు దగ్గర ఆయన్ని కూర్చోబెట్టి, ఊఁ చెప్పండి అన్నాను. ఆయన తీరిగ్గా లోపాలు మొదలుపెట్టారు. అన్నిటికన్నా ముందు చెప్పింది ఇది: "స్ప్రింగు అలిసిపోయింది. తెరిచాక అలుగు గట్టిగా నిలవదు. నొక్కితే వేళ్ళ మీదికి మూసుకుంటుంది. పని చేయడానికి వాడొద్దు, చూసుకోవడానికే."

ఆ ముక్క నేను కొట్టలేదు.

మర్చిపోయానని రాసుకోవచ్చు, కానీ మర్చిపోలేదు. అంతకుముందు పెట్టిన రెండు చాకుల్ని ఎవరూ అడగలేదు. ఈయన ఇలా తన వస్తువును తనే తిట్టుకుంటే ఎవరు కొంటారు, ఈ ఒక్కటీ వదిలేస్తే కొంప మునగదులే అనుకున్నాను. ఆయనకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను. పైగా వెనక నుంచి ఎవరో "ఇంకా ఎంతసేపండీ" అంటున్నారు. ఎప్పటిలాగే మేష్టారు చదివి వినిపించమన్నారు. తెర మీద లేని ఆ వాక్యాన్ని కూడా కలిపి, గడగడా చదివేశాను. ఆయన తృప్తిగా తలూపి, కర్ర అందుకుని వెళ్ళారు.

చాకును నాగపూర్‌లో ఉండే పళ్ళ డాక్టరు ఒకాయన తీసుకున్నాడు. చేరిన వారానికి గుంపులో అందరికీ కనపడేలా రాశాడు. జామకాయ కోస్తుంటే చాకు మూసుకుపోయి చూపుడువేలు తెగిందట, కుట్లు పడ్డాయట, చేతి పని చేసుకునే మనిషైన తాను పని మానేసి కూర్చున్నాడట. అమ్మినాయన పెద్దమనిషి అనుకున్నాను, ఇంత లోపం దాచిపెడతాడనుకోలేదు అని ముగించాడు.

చదివి వినిపించక తప్పలేదు. మేష్టారి ముఖం తెల్లబడింది. "అదేంటమ్మా, మనం రాశాం కదా? మొట్టమొదట అదే కదా చెప్పాను?"

నిజం చెప్పడానికి అదే సమయం. నోటి దాకా వచ్చింది కూడా. గుంపులో నా పేరేమవుతుంది, ఊళ్ళో నా సెంటరు పేరేమవుతుంది అనిపించింది. "లేదండి మేష్టారూ. ఆ ముక్క మీరు చెప్పలేదండి" అన్నాను.

ఆయన నన్ను అనుమానంగా చూసి ఉంటే బాగుండేది. ఆయన అనుమానించింది తననే. "నువ్వు చదివినట్టు కూడా నా చెవులకి గుర్తుందే" అని, మళ్ళీ తనే, "పెద్దతనం వచ్చేసిందమ్మా. చెప్పాననుకుని ఉంటాను" అన్నారు. క్షమాపణ రాయించారు. చాకు వెనక్కి తెప్పించుకున్నారు. గుంపులోంచి తన పేరు తనే తీయించేసుకున్నారు. "మతి నిలవని మనిషి మాట మీద ఎవరూ ఏదీ కొనకూడదు" అన్నారు. ఆ వాక్యం మాత్రం ఒక్క అక్షరం పోకుండా కొట్టాను.

ఆ తరువాత ఆయన నాలుగేళ్ళు బతికారు. వీధిలో కనపడితే మునుపటిలాగే పలకరించేవారు. చెప్పేద్దామని రెండుసార్లు వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళాను. మొదటిసారి చుట్టాలున్నారు. రెండోసారి ఎవరూ లేరు. కాఫీ తాగి వచ్చేశాను.

ఇది రాసే ముందు ఆ గుంపులో నిజమంతా ఇంగ్లీషులో రాశాను. నాగపూర్ డాక్టరు జవాబిచ్చాడు. వేలు ఎప్పుడో మానిపోయిందనీ, ఆ పెద్దాయనకు తానన్న మాట ఇప్పుడు ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియడం లేదనీ రాశాడు. నాకూ తెలియదు.

కానీ నిజం మొదట చెప్పింది గుంపుకు కాదు. పదో రోజు కార్యం అయిన మర్నాడు, పిన్నిగారు కబురు పెడితే వెళ్ళాను. మిగిలిన చాకుల్ని మంచివాళ్ళకు చేర్చిపెట్టమని అడగడానికి పిలిచారు. వంటింట్లోకి అడుగుపెట్టి ఆగిపోయాను. గ్యాసు పొయ్యి పైన గోడకు ఒక చీటీ. కుళాయి దగ్గర ఒకటి. బియ్యం డబ్బా మీద, పెరటి తలుపు మీద, మందుల పెట్టె మీద. అన్నీ డ్రాయింగు మేష్టారి గుండ్రటి అక్షరాలే. "ఆపానా?" "వేశానా?" "పొద్దున్నది వేసుకున్నానా?" ఒక్కోదాని కింద సన్నటి పెన్సిలు గీతలు, ఆపినప్పుడల్లా ఒకటి, వేసినప్పుడల్లా ఒకటి.

"ఆ చాకు గొడవైన కాణ్ణించీ ఇదే వరసమ్మా" అన్నారు పిన్నిగారు. "ఏది చేసినా నేను చేశానా, నేను చెప్పానా అని నన్నడిగేవారు. రాజమండ్రిలో డాక్టరుకి చూపించాను. మీ మతికేం ఢోకా లేదండి, మా అందరికన్నా బాగుంది అన్నాడాయన. బస్సులో వస్తా, వంతెన దాటేలోపల మూడుసార్లు అడిగారు. డాక్టరు నిజంగా అలాగే అన్నాడా, నేనలా అనుకుంటున్నానా అని."

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయి చెప్పేశాను. ఆయన చెప్పారని, నేను రాయలేదని, చదివినట్టు నటించానని, ఆయన అడిగితే లేదన్నానని. పిన్నిగారు అంతా విని, "ఈ ముక్క ఆయన ఉండగా చెప్తే ఏం పోయేదే అమ్మాయ్" అన్నారు. కేకలేసినా బాగుండేది. మామూలుగానే అన్నారు.

తరువాత లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చుకుని, పొయ్యి పైన ఉన్న చీటీని తడిపి గోటితో గీకడం మొదలుపెట్టారు. అన్నం మెతుకులతో అంటించినవి, ఒక పట్టాన రావడం లేదు. నేను కూడా లేచి కుళాయి దగ్గరి చీటీ మీద చెయ్యి వేయబోయాను.

"నువ్వు ముట్టుకోకు" అన్నారు, వెనక్కి తిరగకుండానే.

చేతులు వెనక్కి పెట్టుకుని గోడవార నిలబడ్డాను. ఆవిడ తడుపుతూ, గీకుతూ, ఊడిన ముక్కను చీర కొంగులో వేసుకుంటూ, ఒక్కొక్క చీటీ దగ్గరికీ నడుస్తున్నారు.