లక్షా ఎనభై వేల రూపాయల తోక

2022 జూన్ 13, సోమవారం ఉదయం పది గంటల అయిదు నిమిషాలకు నేను దివిసీమలోని ఒక పశువైద్యశాలలో సహాయ సంచాలకుడిగా బాధ్యతలు స్వీకరించాను. సహాయ సంచాలకుడు అంటే కింద ముగ్గురు పశువైద్యులు, పైన జిల్లా అధికారి ఉండే మధ్య మెట్టు. ఆ మెట్టు ఎక్కినవాడికి సూదులు తగ్గి సంతకాలు పెరుగుతాయి. అప్పటికి నా సర్వీసు ముప్పై మూడేళ్లు. లెక్కలేనన్ని గేదెలకు వైద్యం చేశానని రాయను; లెక్క ఉంది, ఇక్కడ దాని అవసరం లేదు. జపాన్ కుక్కకు మాత్రం అంతవరకు ఒక్కసారీ వైద్యం చేయలేదు.

ఆ సంవత్సరం నవంబరు 21న సాంబశివరావు అనే ఆసామి నా గదికి వచ్చారు. నాగాయలంక వైపు ఆయనకు పదకొండు ఎకరాల రొయ్యల చెరువులు ఉన్నాయి. చెరువు గట్టు మీద కాపలాకు అకిటా అనే జపాన్ జాతి కుక్కను కొనదలచారు. గుడివాడలో కుక్కపిల్లలు అమ్మే మురళి అనే వ్యాపారి ఆయనకు మూడు ధరలు చెప్పాడు. కాగితాలు లేని పిల్ల ఎనభై అయిదు వేలు. కాగితాలు ఉన్న పిల్ల లక్షా ఎనభై వేలు. తల్లీతండ్రీ విమానంలో వచ్చినవైతే మూడున్నర లక్షలు. కాగితాలు అంటే పెంపకందారుల సంఘం ఇచ్చే వంశపత్రం. దానితోపాటు పిల్ల చర్మం కింద బియ్యపు గింజంత గుర్తింపు చిప్ ఒకటి ఉంటుంది.

ఆయన రెండో ధర ఎంచుకున్నారు. కాని ఆయన భయం ధర గురించి కాదు. బందరులో ఉన్న ఆయన బావ అయిదేళ్ల క్రితం కాగితాలతో సహా ఒక జపాన్ కుక్కపిల్లను కొన్నారు. అది పెరిగి, ఏ సందేహానికీ తావు లేకుండా ఊరకుక్క అయింది. అప్పటి నుంచి ఏ శుభకార్యంలో కలిసినా, "బావా, జపాన్ నుంచి చుట్టాలెవరైనా వచ్చారా?" అని అందరూ అడుగుతారు. ఆ ప్రశ్నను కనిపెట్టినవారు, ఎక్కువసార్లు వేసినవారు సాంబశివరావు గారే. ఇప్పుడు తాను కూడా మోసపోతే బందరు గడప తొక్కలేనని ఆయన నాతో నిజాయితీగా ఒప్పుకున్నారు.

"రొయ్యపిల్లకి పీసీఆర్ టెస్టు చేయించి గాని చెరువులో వదలం కదండీ. అర్ధరూపాయి కూడా చెయ్యని పిల్లకే అంత చూస్తాం. లక్షా ఎనభై వేల పిల్లకి ఏ టెస్టూ లేదా అండీ?" అని అడిగారు.

రొయ్యపిల్లల్లో రోగం ఉందో లేదో చూసే పరీక్ష అది. జాతి తేల్చేందుకు అటువంటిది మా ఆసుపత్రిలో లేదని, శుద్ధజాతి అని ధ్రువీకరించే అధికారం పశువైద్యుడికి లేదని, జాతికి చెప్పిన లక్షణాలు పిల్లలో కనబడ్డాయో లేదో మాత్రం రాయగలనని చెప్పాను. అయితే అదే రాయమన్నారు. మురళి కూడా ఒప్పుకున్నాడు. ఒప్పందం ముసాయిదా నేనే రాశాను. అరవై వేలు బయానా. పిల్లకు నూట యాభై రోజులు నిండిన నాడు మూడు లక్షణాలు చూడాలి. చెవులు రెండూ నిక్కి ఉండాలి. బరువు పద్దెనిమిది కిలోలకు తగ్గరాదు. తోక వీపు మీదికి కనీసం ముక్కాలు చుట్టు, అనగా 270 డిగ్రీలు, తిరిగి ఉండాలి. మూడూ ఉంటే మిగిలిన లక్షా ఇరవై వేలు చెల్లించాలి. ఒక్కటి తప్పినా పిల్ల గుడివాడకు, బయానా నాగాయలంకకు తిరిగి వెళ్లాలి. కుక్క తోక వంకర అని తెలియనివారు లేరు. ఎంత వంకరో స్టాంపు కాగితం మీద రాసినవారు నాకు ముందు ఎవరైనా ఉన్నారో లేదో తెలియదు.

డిసెంబరు 4, ఆదివారం పిల్ల వచ్చింది. వయసు అరవై రోజులు, బరువు అయిదు కిలోల వంద గ్రాములు, రంగు ఎరుపు, పొట్ట తెలుపు. గుడివాడ నుంచి ఏసీ కారులో తెచ్చారు. ఇంటి ముందు కారు ఆగింది గాని ఎవరూ దిగలేదు. సాంబశివరావు గారు పిల్లను ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నారు. ఏమైందని నేను అద్దం దగ్గరకు వెళ్లాను. కొత్త రొయ్యపిల్లలను సంచుల్లోంచి ఒక్కసారిగా చెరువులో పోయరు. సంచులను నీటి మీద తేలవిడిచి, లోపలి వేడి, బయటి వేడి సమానమయ్యాక మూతి విప్పుతారు. ఆయన అదే చేస్తున్నారు. పది నిమిషాలకు రెండు డిగ్రీల చొప్పున ఏసీ చల్లదనం తగ్గిస్తూ, మధ్యలో పిల్ల నెత్తి మీద ఆ ఊరి నీళ్లు చిలకరిస్తూ, నలభై నిమిషాల తరువాత తలుపు తీశారు. శాస్త్రం ప్రకారం ఆయన చేసినదాంట్లో నాకు తప్పు కనబడలేదు. నోటు పుస్తకంలో రాసుకున్నాను.

ఆయన తల్లి నాగరత్నమ్మ గారికి డెబ్బై నాలుగేళ్లు. పిల్లను చూసి ఆమె అడిగిన మొదటి ప్రశ్న ధర. విన్నాక దానికి లక్షయ్య అని పేరు పెట్టారు. కొడుకు పెట్టదలచిన ఇంగ్లీషు పేరు ఏమిటో ఆ పూట తరువాత ఎవరికీ గుర్తు లేదు.

ప్రతి ఆదివారం ఉదయం ఏడు గంటలకు, ప్రభుత్వ పనివేళలకు బయట, నా మోటారు సైకిలు మీద వెళ్లి పిల్లను పరీక్షించాను. డిసెంబరు 11 నుంచి ఫిబ్రవరి 26 వరకు పన్నెండు ఆదివారాలు. పరీక్షకు ఒక క్రమం ఉంటుంది. ముందు ఉష్ణోగ్రత, తరువాత బరువు, తరువాత చెవులు, చివర తోక. కుక్కకు థర్మామీటరు నోట్లో పెట్టరు. తోక ఎత్తి పెడతారు. వాటిలో మూడు ఆదివారాలు టీకాల సూదులు కూడా ఉన్నాయి. పట్టికలో బరువు వారం వారం పెరిగింది. పదో వారానికి చెవులు రెండూ నిక్కాయి. తోక గడిలో మాత్రం పన్నెండు వారాలూ సున్నాయే. నిజానికి అది సున్నా కూడా కాదు. తోక కాళ్ల మధ్యకు ముడుచుకుని పొట్టకు అంటుకునేది. ఆ దిశకు నా పట్టికలో గడి లేదు కాబట్టి సున్నా అని రాశాను.

ఏడో వారం నాకు అనుమానం వచ్చి తోక మొదట్లో ఎముక దెబ్బతిన్నదేమోనని వేళ్లతో నొక్కి చూశాను. ఎనిమిదో వారం మళ్లీ నొక్కాను. తొమ్మిదో వారం పాత థర్మామీటరు తీసేసి కొత్త డిజిటల్‌ది కొన్నాను. ఫలితంలో మార్పు లేదు.

ఈలోగా ఖర్చు పెరిగింది. జపాన్ చలికి పుట్టిన బొచ్చు దివిసీమ ఉక్కకు పనికిరాదని హాలులో నలభై ఒక్క వేలు పెట్టి ఏసీ బిగించారు. లక్షయ్య దాని కింద పడుకోలేదు. చేపలు కట్టే ఐసు ముక్కల మీద గోనెపట్టా పరిస్తే దాని మీద పడుకున్నాడు. ఏసీ కింద నాగరత్నమ్మ గారు పడుకున్నారు.

ఫిబ్రవరి 26న పన్నెండో సున్నా రాసి, సాంబశివరావు గారికి విషయం చెప్పాను. చెవులు సరే, బరువు సరే, తోక లేదు. ఆయన బందరు బావకు ఇంకా తెలియదు కదా అని మాత్రం అడిగారు. మురళికి కబురు వెళ్లింది.

మార్చి 4, శనివారం, నూట యాభయ్యో రోజు. ఆ ఉదయానికి నేను అనుమతి సెలవు పెట్టి ఏడింటికి వెళ్లేసరికి మురళి వ్యాను వాకిట్లో ఉంది. వెనక ఇనుప బోను ఉంది. నా బండి చప్పుడు వినగానే లక్షయ్య ధాన్యపు బస్తాల వెనక్కి వెళ్లాడు. బయటికి లాగి చూస్తే తోక ఎప్పటిలాగే కాళ్ల మధ్య ఉంది. బోను తలుపు తీశారు.

నాగరత్నమ్మ గారు వచ్చి బోను ముందు పీట వేసుకుని కూర్చున్నారు.

"ఒరే సాంబా, వాణ్ణి ఎక్కిస్తే నేనూ ఎక్కుతాను. నాకూ ఏ చెవి ఎలా ఉందో డాక్టరు గారి చేత రాయించుకో."

సాంబశివరావు గారు ఒప్పందం చూపించారు. తోక చుట్టుకోలేదని, పన్నెండుసార్లు కొలిచారని నచ్చజెప్పబోయారు.

"ఎవరు కొలిచారు?"

నన్ను చూపించారు. ఆమె నా చేతిలోని మందుల పెట్టె వంక చూశారు.

"డాక్టరు గారూ, మీరు ఆదివారం తోకే చూశారు. మిగతా ఆరు రోజుల తోకా నేను చూశాను, మావాడికి చెరువులు తప్ప ఏదీ కంటికి ఆనదు. నా చెప్పుల చప్పుడు వింటే చాలు, జిలేబీ చుట్టు చుట్టుకుంటుంది."

"ఆ థర్మామీటరు పట్టుకుని మీరొస్తే నాకే ముడుచుకుంటుంది సార్, ఇక కుక్క సంగతి చెప్పేదేముంది" అన్నాడు మురళి.

అందరికన్నా ఆలస్యంగా అర్థమైంది సాంబశివరావు గారికి; అర్థమయ్యాక ఆయన అన్న మాటే నాకు ఇప్పటికీ గుర్తుంది.

"అంటే చెరువులో దిగి నిలబడి, రొయ్య మేతకి రావట్లేదని పన్నెండు వారాలు రాసుకున్నారన్నమాట."

రొయ్యలు మేత తింటున్నాయో లేదో తెలుసుకోవడానికి రైతు నీళ్లలోకి దిగడు. మేత వేసిన వల పళ్లెం ఒకటి నీటిలోకి దించి, గట్టు మీదికి వచ్చేస్తాడు. రెండు గంటల తరువాత పళ్లెం పైకి లాగి మిగిలింది చూస్తాడు. ఆ పళ్లేలు నేను ప్రతి ఆదివారం దాటుకుంటూ వెళ్లినవే.

తరువాత జరిగినది నా సర్వీసు రికార్డులో లేదు. నా బండిని ఆరువందల మీటర్ల దూరంలో పెట్టించారు. నా చొక్కాకు మందుల వాసన ఉందని నాగరత్నమ్మ గారు విప్పించి, కొడుకు లుంగీ, చెరువు పనికి కట్టే పాత బనియను ఇచ్చారు. అరవై ఏళ్ల సహాయ సంచాలకుణ్ణి రొయ్యల మేత బస్తాల వెనక ముక్కాలిపీట మీద కూర్చోబెట్టారు. చేతిలో కోణమానిని, నోటు పుస్తకం. మందుల పెట్టెను వ్యానులో పెట్టి తాళం వేశారు. మురళి నా పక్కనే గొంతుకూర్చుని, దగ్గవద్దని సైగలు చేస్తున్నాడు. ఇరవై రెండు నిమిషాలు గడిచాయి.

ఏడు గంటల యాభై రెండు నిమిషాలకు నాగరత్నమ్మ గారు ఎండుచేప కలిపిన అన్నం గిన్నెతో, చెప్పులు చప్పుడు చేసుకుంటూ పెరట్లోకి వచ్చారు. లక్షయ్య ఎదురు వచ్చాడు. తోక వెనక నుంచి లేచి, వీపు మీదికి వంగి, ఎడమ తుంటి వైపు చుట్టుకుని ఆగింది. బస్తాల సందులోంచి కోణమానిని పట్టాను. 285 డిగ్రీలు. నమ్మకం కుదరక రెండోసారి పట్టాను. 285. మూడోసారి పట్టబోతుండగా మేత పొడి ముక్కుకు ఎక్కి తుమ్మాను. లక్షయ్య నన్ను చూశాడు. ఏడు గంటల యాభై మూడు నిమిషాలకు సున్నా.

నివేదికలో రెండూ రాశాను. చెవులు రెండూ నిక్కి ఉన్నవి. బరువు 19.4 కిలోలు. తోక, పరీక్షకుడు కనబడనప్పుడు 285 డిగ్రీలు, కనబడినప్పుడు సున్నా. ఒప్పందంలో ఎప్పుడు చుట్టుకోవాలో రాయని లోపం నాదేనని కూడా రాసి సంతకం చేశాను. ఎవరు చూసిన తోకను నమ్మాలో ఆసామి తేల్చుకోవాలి. సాంబశివరావు గారు నివేదిక రెండుసార్లు చదివి, పళ్లెంలో కనబడిందే లెక్క అని చెప్పి, లక్షా ఇరవై వేలు మురళికి ఇచ్చారు. మురళి ఖాళీ బోనుతో గుడివాడ వెళ్లాడు. ఆ సాయంత్రమే సాంబశివరావు గారు బందరుకు ఫోను చేసి, బావా, జపాన్ నుంచి చుట్టాలు వచ్చారు, మా ఇంటికి వచ్చారు అని చెప్పారట. బావ గారు తోక ఫోటో పంపమన్నారు. ఫోటో నాగరత్నమ్మ గారు తీశారు.

జపాన్ కుక్క కొనాలంటే ఎంత అవుతుందని ఇప్పటికీ కొందరు నన్ను అడుగుతారు. నాకు తెలిసినది ఒక్క కుక్క ఖర్చు. కొనుగోలు లక్షా ఎనభై వేలు, కుక్క వాడని ఏసీ నలభై ఒక్క వేలు. ఐసు లెక్క చేపల ఐసులో కలిసిపోయింది కనుక చెప్పలేను. నా పన్నెండు ఆదివారాలకు ఏమీ తీసుకోలేదు. వాటి విలువ కూడా అంతే.

2024 జూలై 31న పదవీ విరమణ చేశాను. ఆ లోపు నా ఆసుపత్రిలోని కుక్కల పరీక్ష పట్టికకు ఒక గడి చేర్చాను: పరీక్షకుడు కనబడినాడా, అవును లేదా కాదు. తోకను మొదటికి, థర్మామీటరును చివరకు మార్చాను. ముప్పై అయిదేళ్ల సర్వీసులో నేను నడిపిన ఆసుపత్రులను పై అధికారులు నలభై ఒక్కసారి తనిఖీ చేశారు. వస్తున్నట్టు ప్రతిసారీ ముందురోజే తెలిసేది. ప్రతిసారీ గదులు కడిగి, రిజిస్టర్లు సరిచేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాం. నలభై ఒక్క నివేదికలూ నా దగ్గర ఉన్నాయి. అన్నింటిలోనూ సంతృప్తికరం అనే ఉంది. ఆ గడి ఒక్కదానిలోనూ లేదు.