ఎడమచేతి సుబ్బక్క

నా చేతిరాత బాగుండదు... ఒత్తులూ దీర్ఘాలూ తప్పిపోతుంటాయి. మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివిందే నా చదువు. కాగితం మీద రాసిస్తే మా మనవరాలు ఫోనులో ఎక్కిస్తానంది. తప్పులన్నీ నావే, మన్నించండి.

మా చిన్నప్పుడు... పొద్దున్నే మా జేజి వాకిట్లో పేడనీళ్లు చల్లేది. జేజి అంటే మా నాయన తల్లి, పేరు సుబ్బమ్మ. నేను ఆమె సంకలో ఉండేవాణ్ణి. ఆమె చెవి కింద మూడు పచ్చబొట్టు చుక్కలుండేవి... వాటిని పురుగులనుకొని గోటితో గిల్లేవాణ్ణి. నాకున్న మొట్టమొదటి జ్ఞాపకం అదే.

మా ఇద్దరికీ పొట్టేళ్ల ఆట ఒకటుండేది. "ఢీ... ఢీ..." అంటూ నుదురుకు నుదురు తాకించడం. పసితనంలో మొదలైన ఆట, ఎనిమిదేండ్లొచ్చినా నేను మానలేదు.

ఒకరోజు జేజి తిరగలి ముందు కూర్చొని కొర్రలు విసురుతోంది. నేను వీధిలోంచి పరుగెత్తుకొచ్చి ఢీకొట్టాను. ఆమె చూసుకోలేదు... నా తల పోయి ఆమె ఎడమ రొమ్ముకు తగిలింది. తిరగలి ఆగిపోయింది. ఆమె ముఖం పాలిపోయింది.

"ఏం కాలేదు లే అబ్బీ... పో, ఆడుకోపో" అంది.

ఆ ఏడు వానలు వెనకబట్టేసరికి ఆ రొమ్ములోనే గడ్డ బయటపడింది. తర్వాత పుండయింది. క్యాన్సర్ అనే మాట అప్పట్లో మా ఊళ్లో ఎవరికీ తెలియదు... రాచపుండు అనేవాళ్లు, అదీ గొంతు తగ్గించి. నాయన కర్నూలుకు తీసుకుపోతానంటే, మొగ డాక్టరు చెయ్యి పడనియ్యనని జేజి మొండికేసింది. పక్కింటి ఖాసింబీ పిన్నమ్మే (నాయన పిలిచినట్టే నేనూ పిలిచేవాణ్ణి) రోజూ వచ్చి వేపాకు నీళ్లతో కడిగి గుడ్డ కట్టేది.

చూడవచ్చిన వాళ్లలో ఒకామె అంది... "యాడో గట్టి దెబ్బ తగిలింటాది. అదే లోపల గడ్డ కట్టుకోనుండాది."

నేను తలుపు వెనక ఉన్నాను. విన్నాను.

ఆ రోజు నుంచి జేజి దగ్గరికి పోలేదు. సంగటి ముద్ద సగంలోనే వదిలేసి లేచేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు... చెబితే అది నిజమైపోతుందని భయం.

ఒక మధ్యాహ్నం ఖాసింబీ పిన్నమ్మ గుడ్డ మారుస్తుంటే జేజి నన్ను పిలిచింది.

"ఏమబ్బీ, ఈ మధ్య దగ్గరికి రావు? నా కాడ వాసనొస్తాందా?"

వాసన కాదన్నాను. ఇంక ఆపుకోలేకపోయాను. "నేను పొడిచినందుకే గదా జేజీ, నీకు ఇట్లయింది" అని ఏడ్చాను.

జేజి పిన్నమ్మ వైపు తిరిగింది.

"ఏమ్మే ఖాసింబీ, వీడు సంకలో ఉన్నప్పుడు నేను వీణ్ణి యా పక్క ఎత్తుకుంటాంటి?"

"కుడిపక్క. ఊర్లో ఆడోళ్లంతా బిడ్డల్ని ఎడం సంకనేసుకోని కుడిచేత్తో పని చేసుకుంటే, నువ్వొక్కదానివే తిరకాసు. ఎడంచేత్తో వాకిలి చల్లుతాంటివి. ఎడమచేతి సుబ్బక్క అని నీకు పేరు పెట్టింది నేనే గదా."

"ఎందుకనుకుంటివి? అప్పటికే రేగ్గాయంత గడ్డ ఉండె. ఎడంపక్క వీడు ఆనుకుంటే పానం పోతాండె."

పిన్నమ్మ గుడ్డ చేతిలో పట్టుకొని అట్లే ఉండిపోయింది. "ఇన్నేండ్లు దాచిపెట్టుకుంటివా అక్కా... నాక్కూడా చెప్పకపోతివి."

"ఏమని చెప్పేది? యాడుండాదని చూపిచ్చేది?" అని జేజి నా వైపు చూసింది. "వింటివా అబ్బీ. నీ పొట్టేలు తలకాయ కంటే అది శానా ముందొచ్చిండాది. అన్న వరస అయితాది నీకు."

పిన్నమ్మ ఏడుస్తూనే నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పూట జేజి మంచం పక్కన కూర్చొని రెండు ముద్దల సంగటి తిన్నాను.

ఎండలు ముదరకముందే జేజి పోయింది. పోయేదాకా ఆమె కుడిపక్కనే పడుకున్నాను.

పెద్దయ్యాక ఒక అనుమానం పట్టుకుంది... నా ఏడుపు మాన్పడానికి ఇద్దరూ కలిసి అల్లిన కథేమోనని. అప్పుడు ఆ పచ్చబొట్టు చుక్కలు గుర్తొచ్చాయి. అవి కుడి చెవి కింద ఉండేవి. సంకలోంచి ఎడమ చెవిని చూసిన జ్ఞాపకం ఎంత వెతికినా ఒక్కటీ లేదు.

జేజి అబద్ధం చెప్పలేదు.

మొన్న మా మనవరాలు ఆసుపత్రికి పోయొచ్చి, ఇంట్లో అందరి ముందూ చెప్పింది... "రొమ్ముకు పరీక్ష చేసినారు తాతా. క్యాన్సర్ ఏం లేదంట." జేజి ఏండ్ల తరబడి పైట కింద దాచుకున్న మాట... ఈ పిల్ల కాఫీ తాగుతూ చెప్పేసింది. నా గుండె తేలికయింది. ఇది రాయాలనిపించింది కూడా అందుకే.

ఇప్పుడు మా వాకిలి సిమెంటు... పేడనీళ్లూ లేవు, బిడ్డను సంకనేసుకొని చల్లేవాళ్లూ లేరు.

మీ జేజి మిమ్మల్ని ఏ పక్క ఎత్తుకునేదో మీకు గుర్తుందా? ఆమె ఉంటే ఈరోజే అడగండి... ఎక్కడైనా నొప్పుందా అని కూడా అడగండి. ఏం చెప్పిందో నాకు రాయండి, మనవరాలు చదివి వినిపిస్తుంది. కాస్త తొందరగా రాయండి... నాకు తొంభై దగ్గర పడుతున్నాయి.