నేను వదలని చేప

ఆరేళ్ళుగా నా మీద ఒక బరువుంది. నవ్వకండి, అది ఒక చేప. నాలుగు కిలోలుంటుందేమో. నన్ను ఎవరు మెచ్చుకున్నా అది ఇంకాస్త బరువెక్కుతూ వచ్చింది. మీకు నేను తెలీదు, నాకు మీరు తెలీదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది రాజమండ్రి. ముప్ఫై ఏళ్ళు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. అమ్మాయి సియాటిల్‌కి గంట దూరంలో ఇల్లు కొనుక్కుంటే, గ్రీన్ కార్డులు తీసుకుని నేనూ మావారూ అక్కడికొచ్చాం. రెండు నెలలు కిటికీలోంచి రోడ్డు చూశాను. మూడో నెలలో పక్కింటి కెరోల్ తన పికప్ ట్రక్కులో గేలాలు సర్దుకుంటూ కనబడింది. డెబ్బై ఏళ్ళ మనిషి, నడుందాకా రబ్బరు బూట్లు. "వస్తావా?" అంది. పంజాబీ డ్రెస్ మీద అల్లుడి రెయిన్‌కోటు వేసుకుని వెళ్ళిపోయాను.

ఆ వయసులో కొత్త విద్య పట్టుబడితే ఎంత సంతోషమో! వారం తిరక్కుండా గేలం విసరడం వచ్చేసింది. సాల్మన్ చేప సముద్రం నుంచి తను పుట్టిన ఏటికి ఎదురీదుకుంటూ రావడం కెరోల్ చూపించింది. మా గోదావరికి పులస కూడా ఇలాగే వస్తుందని నేను చెబితే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆమెకి ఒక గేలాలవాళ్ళ క్లబ్బుంది. ఏటా ఫండ్‌రైజింగ్ డిన్నర్ చేసి, ఇక్కడి నదులకే కాదు, రష్యాలో కమ్చట్కా నదులకి కాపలా కాసేవాళ్ళకి కూడా డబ్బు పంపుతారు. అంత దూరం ఎందుకని అడిగితే, "సముద్రంలో ఆ చేపలూ మన చేపలూ కలిసే తిరుగుతాయి. వాటికి వీసాలుంటాయా?" అంది. వీసా మాట వినగానే ఆ క్లబ్బు నాకు సొంతమైపోయింది.

కెరోల్ నేర్పిన మొదటి పాఠం ఒక్కటే. హేచరీలో పెంచి వదిలిన చేపకి, వీపు మీద తోకకి దగ్గరగా ఉండే చిన్న రెక్క కత్తిరించి ఉంటుంది. ఆ చేపని ఇంటికి తెచ్చుకోవచ్చు. ఆ రెక్క ఉందంటే నదిలోనే పుట్టిన చేప. అలాంటివి కొన్నే మిగిలాయి. నీళ్ళలోంచి పైకి తియ్యకుండా వదిలెయ్యాలి. చట్టమూ అదే.

ఆ సెప్టెంబరులో అమ్మాయి వాళ్ళు బీచ్‌కి వెళ్ళారు. మావారు కొత్త డ్రైవింగ్ లైసెన్స్ ఉత్సాహంలో నన్ను కారులో నది దగ్గరికి తీసుకొచ్చి, కారులోనే కూర్చుని పాత పాటలు వింటున్నారు. కెరోల్ మలుపు అవతల ఉంది. నా గేలానికి పడింది. పావుగంట లాగాను. చేప ఒడ్డుకి వచ్చేసరికి నాకు నోటినిండా నవ్వు. వెండిలా మెరిసిపోతోంది. తోక వైపు చూశాను.

చిన్న రెక్క. ఉంది.

వదలొచ్చు. వంగి కొక్కెం తీస్తే చాలు. ఎందుకు వదల్లేదు? ముందురోజే మావారు, "ఈపాటికి అక్కడ పులసలు దిగుంటాయి" అన్నారు, ఆ మాట మీదికి నెట్టెయ్యాలని ఎన్నోసార్లు చూశాను, కానీ ఆయన అడగలేదు కదా, నాకే కావాలనిపించింది, నేను పట్టానన్న గర్వం, ఇది నాది అన్న ఆశ. రాయితో ఒక్క దెబ్బ వేశాను. సంచిలో చుట్టి కారు డిక్కీలో పెట్టి, మళ్ళీ వచ్చి గేలం పట్టుకు నుంచున్నాను.

కాసేపటికి కెరోల్ వచ్చింది.

"పెద్ద చప్పుడైంది. పడిందా?"

"పడింది."

"రెక్క?"

"ఉంది."

"వదిలేశావా?"

"వదిలేశాను. వెళ్ళిపోయింది."

కెరోల్ కళ్ళనిండా నీళ్ళు. తడి చేతుల్తోనే గట్టిగా కావలించుకుంది. "ముప్ఫై ఏళ్ళుగా చేపలు పడుతున్నవాళ్ళకి కూడా వదలడానికి చెయ్యి రాదు. నీకు మొదటి చేప!" అంది. అప్పుడైనా చెప్పొచ్చు. డిక్కీ ఇరవై అడుగుల దూరంలో ఉంది.

ఇంటికెళ్ళి చేప పొట్ట కోశాను. నిండా గుడ్లు. మేం జన అంటాం. కమలాపండు రంగులో, పూసల్లా, వేలకి వేలు. చేపల జీవితచక్రం బోర్డు మీద ఏటా గీసినదాన్ని నేను. కత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాను. మావారు వచ్చి చూశారు, అర్థమైంది. తర్వాత, "ఇప్పుడింక పారేసినా బతకదుగా" అన్నారు మెల్లగా.

చింతపండు చిక్కగా పిసికి, బెండకాయలేసి, ఆవకాయ నూనె పోసి పులుసు పెట్టాను. జన వేయించాను. కిటికీలన్నీ తీసేశాం. మీతో అబద్ధం దేనికి? అమెరికాలో అంత ఆనందంగా మేమిద్దరం తిన్న భోజనం ఇంకోటి లేదు. మావారు పాట అందుకున్నారు. అదే నన్ను ఎక్కువ బాధిస్తుంది, ఏడుస్తూ తిని ఉంటే బాగుండేదేమో, కానీ నవ్వుతూ తిన్నాం.

ఆ నవంబరు డిన్నర్‌లో కెరోల్ మైకు పట్టుకుని గోదావరి నుంచి వచ్చిన ఆవిడ తన మొదటి చేపని వదిలేసిన కథ చెప్పింది. హాలంతా లేచి నుంచుంది. కమ్చట్కా నుంచి నికొలాయ్ అనే కాపలాదారు వచ్చాడు. భారీ మనిషి. గుడ్ల కోసం పొట్టలు కోసి చేపల్ని ఒడ్డున పారేసే దొంగల్ని రాత్రింబవళ్ళు తరుముతుంటాడట. నా రెండు చేతులూ పట్టుకుని, పక్కనున్న దుభాషి పిల్లతో ఇంగ్లీషులో చెప్పించాడు, మా ఊరి స్కూల్లో పిల్లలకి నీ కథ చెబుతానని. ఆ చేతులే కోశాయి అని నేను చెప్పాలి. థాంక్యూ అన్నాను.

తర్వాత ఆరేళ్ళూ క్లబ్బులో నా అంత పనిచేసినవాళ్ళు లేరు. డిన్నర్‌కి వందమందికి పులిహోర, గారెలు. దీపావళి ఫంక్షన్లో తెలుగువాళ్ళ ముందు చందా డబ్బా. ఏటి ఒడ్డున నీడ కోసం మొక్కలు. జపాన్ నుంచి వచ్చిన గేలాలవాళ్ళకి ఆవకాయ రుచి చూపిస్తే వాళ్ళు ఎగిరి గంతేసిన రోజు నేను నవ్వలేక కింద కూలబడ్డాను. అదంతా ప్రేమేనా, కప్పిపెట్టుకోవడమా? రెండూనా? ఏది ఎంత? ఎన్నిసార్లు అడుక్కున్నా తేలలేదు. ప్రతి వేసవీ కమ్చట్కా నుంచి ఒక కవరు వచ్చేది. పిల్లల బొమ్మలు. బొట్టు పెట్టుకున్న ఒక ఆడమనిషి చేపని నీళ్ళలోకి వదులుతూ ఉంటుంది. చేప నవ్వుతూ ఉంటుంది. అమ్మాయి అన్నీ ఫ్రిజ్ మీద అంటించింది. పాలు తీసినప్పుడల్లా చూడాల్సిందే.

ఈ నెలలో కెరోల్ పరుగెత్తుకుంటూ వచ్చింది. క్లబ్బు కొత్త బ్రోషర్ వేస్తోందట. ఇంగ్లీషు, రష్యన్, జపనీస్. మొదటి పేజీలో నా ఫొటో, నా చేప కథ. "మూడు దేశాల్లో చదువుతారు!" అంది. ఆవిడ ముఖంలో ఆ వెలుగు చూసి నాకిక చాలనిపించింది.

నిన్న కూర్చుని కెరోల్‌కి ఉత్తరం రాశాను. నా ఇంగ్లీషులో, డిక్షనరీ చూడకుండా. రెక్క చూశాననీ, తెలిసే చంపాననీ, జన కూడా తిన్నాననీ. నికొలాయ్‌కి పంపమని ఇంకో కాపీ. క్షమించమని రాయలేదు. రాస్తే ఆవిడ జవాబు చెప్పాల్సొస్తుంది. మావారికి చదివి వినిపిస్తే, "నేను కూడా తిన్నానని రాయి" అన్నారు. రాశాను.

పొద్దున్నే వెళ్ళి వాళ్ళ మెయిల్‌బాక్సులో వేసి వచ్చాను. పది గంటలకి కెరోల్ బయటికొచ్చి కవరు చించడం మా వంటింట్లోంచి చూశాను. డ్రైవ్‌వేలో నుంచునే చదివింది. రెండో కాగితం తిప్పింది. ఒకసారి మా ఇంటి వైపు చూసింది. నేను తప్పుకోలేదు. చెయ్యి ఊపలేదు, ఆవిడా ఊపలేదు. లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఇప్పుడు మధ్యాహ్నం రెండైంది. ఆ తలుపు ఇంకా తెరుచుకోలేదు. ఇక మాట్లాడదేమో. క్లబ్బుకి రానివ్వరేమో. రానివ్వకపోతే అది న్యాయమే. ఏదైనా కానివ్వండి. ఆవిడకి తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు. ఆకలేస్తోంది, లేచి అన్నం పెట్టుకుంటాను.