జడ్జిగారికి చెప్పిన పప్పు

ఈ పొద్దున నేను నోరు జారాను. కోడలు మనవణ్ణి పక్కింటావిడకు అప్పగించి డ్యూటీకి బయల్దేరుతుంటే, "పిల్లగాన్ని పెంచే తీరు ఇదేనా?" అన్నాను. వాణ్ణి చూసుకోకుండా హోటల్లో చాయ్ ముచ్చట్లకు పోయే నేనే అన్నాను. ఆమె చెప్పులేసుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నం లాడ్ బజార్ గాజుల దుకాణాల్లో కాగుతున్న లక్క వాసన తగిలేసరికి, ఆ మాట ఇంతకుముందు ఎవరన్నారో గుర్తొచ్చింది.

ఒకప్పుడు మా ఇల్లంతా అదే వాసన. బాపు పోయాక అమ్మ బొగ్గుల కుంపటి ముందు కూర్చుని లక్క గాజులకు రాళ్లు పొదిగేది. కుండలో నీళ్లకు, పండక్కి చేసిన సకినాలకు, చివరికి నా బడి చొక్కాకు కూడా ఆ వాసనే పట్టేది. రంజాన్ నెలలో గిరాకీ పెరిగితే గాజుల దుకాణానికే వెళ్లి పని చేసేది. నేను బడి నుంచొచ్చి తాళం తీసి, ఆమె మూతపెట్టి వెళ్లిన అన్నం, పచ్చిపులుసు తిని, మిద్దెమీద పతంగులు చూస్తూ కూర్చునేవాణ్ణి.

అలాంటి ఒక ఏడు పెద్దబాపు నన్ను తనకు అప్పగించమని కోర్టుకెక్కాడు. చెడ్డవాడు కాదు, తమ్ముడి కొడుకని ఆరాటం. "పిల్లగాన్ని పెంచే తీరు ఇదేనా? నువ్వు దుకాన్ల కూసుంటే పిల్లగాడు పొయ్యికాడ కాలి సస్తే ఎవలు జూస్తరు?" అని అమ్మ మొహమ్మీదే అన్నాడు.

జడ్జిగారు నన్నొక్కణ్ణే తన గదిలోకి పిలిచి, బిస్కెట్టిచ్చి, ఇంట్లో వంటెవరు చేస్తారని అడిగారు. మెచ్చుకుంటారనుకుని, "నేనే సార్! పొయ్యి నేనే అంటిస్త, పప్పు గూడ జేస్త!" అన్నాను. ఆయన రాసుకున్నారు.

బయటికొచ్చి గొప్పగా చెబితే అమ్మ మొహం పాలిపోయింది. "ఎంత పని జేస్తివి బిడ్డా! మీ పెద్దబాపు అనేది గదే గద. ఇగ నిన్ను తీస్కపోతరు."

బంట్రోతు చేయి తప్పించుకుని మళ్లీ లోపలికి ఉరికాను.

"అబద్ధం జెప్పిన సార్. అమ్మ నన్ను పొయ్యి దగ్గరికే రానియ్యది."

"అట్లనా? పప్పెట్ల చేస్తరో చెప్పు."

"ముందుగాల చింతపండు పులుసు పోసి, అండ్ల పప్పేసి..."

ఆయన పకపకా నవ్వారు. "పులుసులో పప్పు ఉడకదురా నాయనా!" అని, రాసిందాన్ని కొట్టేశారు.

తల్లి కష్టపడి పని చేసుకోవడం తప్పు కాదనీ, బిడ్డను పెంచే హక్కు ముందు ఆమెదేననీ తీర్పొచ్చింది. దసరాకు పెద్దబాపు జమ్మి ఆకు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. అమ్మ మొదటి చాయ్ ఆయనకే ఇచ్చింది.

ఇప్పుడు మేమున్న ఆ గల్లీలో కుంపట్లున్న ఇళ్లు లేవు, మిద్దెలూ లేవు. సాయంత్రం నేనే పప్పు వండాను, చింతపండు చివర్లో వేసి. కోడలు రాగానే, "తప్పు మాట్లాడిన బిడ్డా" అన్నాను. ఆమె రుచి చూసి, "పులుపు జర తక్కువైంది మామా" అంది.

తర్వాత పక్కింటికి వెళ్లి, మనవడి పాలసీసా, బొంత తెచ్చి, రేపటి కోసం నా మంచం పక్కన పెట్టుకున్నాను.