తొంభై ఆరు మెట్ల పార్టీ

మా బావతో ఏ విషయం మాట్లాడినా మూడో మాటకల్లా లిఫ్ట్ దగ్గరికి వచ్చేస్తాడు. మీరు వాన గురించి ఎత్తితే ఆయన లిఫ్ట్ గుంటలోకి నీళ్ళు దిగితే ఎంత ప్రమాదమో చెప్పి ముగిస్తాడు. పెళ్ళి సంబంధం గురించి అడిగితే, "అబ్బాయి వాళ్ళుండేది ఎన్నో అంతస్తు?" అంటాడు. మా మేనకోడలు మొట్టమొదటిసారి "నాన్నా" అన్న రోజు మా అక్క ఆనందంతో కళ్ళు తుడుచుకుంటుంటే, "గొంతు స్పష్టంగా ఉందే, అంతస్తుల నంబర్లు చెప్పడానికి పనికొస్తుంది" అన్నాడు. మా అక్క రెండు రోజులు మాట్లాడలేదు. ఆ సంగతి ఆయన గమనించాడని నేననుకోను.

ఆయన మున్సిపల్ ఆసుపత్రిలో లిఫ్ట్ ఆపరేటరు. ఈ కథ మొదలయ్యేనాటికి ఆ లిఫ్ట్ చెడిపోయి తొమ్మిదేళ్ళయింది. లిఫ్ట్ పోయినా ఉద్యోగం పోలేదు. ఉద్యోగం తీసెయ్యాలంటే లిఫ్ట్ లేదని ఎవరో ఒకరు కాగితం మీద ఒప్పుకోవాలి, అందుకు సంతకం పెట్టే మొనగాడు ఆ ఆఫీసులో లేడు. అందుకని మా బావ రోజూ ఖాకీ బట్టలు ఇస్త్రీ చేసుకుని వెళ్ళి, మూసి ఉన్న తలుపు పక్కన స్టూలేసుకుని కూర్చునేవాడు.

ఆపరేషన్ థియేటర్ మాత్రం నాలుగో అంతస్తులో ఉంది. మొత్తం తొంభై ఆరు మెట్లు. దాన్ని కిందికి దించొచ్చు కదా అని అందరికీ అనిపిస్తుంది. కింద పెద్ద డాక్టరుగారి గది, పాత రికార్డుల గది ఉన్నాయి. రికార్డులు పైకి వెళ్ళడానికి ఒప్పుకోలేదు. అందుకని మనుషులే వెళ్ళేవాళ్ళు. నడవలేనివాళ్ళని దుప్పట్లో పడుకోబెట్టి, నాలుగు మూలలూ నలుగురు పట్టుకుని, ఒక్కో మలుపులో ఊపిరి తీసుకుంటూ మోసేవాళ్ళు.

అందరూ పై దాకా చేరలేదు. ఒక వానాకాలంలో ఒక్క నెలలోనే ముగ్గురు మెట్ల మీద పోయారు. రిపోర్టులో "దారిలో మరణం" అని రాశారు. చదివినవాళ్ళు ఏదో రోడ్డనుకుంటారు. ఆ దారి ఆసుపత్రి లోపలే ఉంది.

అప్పటికి మా బావ లిఫ్ట్ కోసం నలభై ఒక్క అర్జీలు పెట్టాడు. నలభై రెండోది ఎన్నికల ఆఫీసులో పెట్టాడు. పార్టీ రిజిస్టర్ చెయ్యమని.

"ఉద్యోగం చేస్తూ పోటీ చెయ్యకూడదు బావా," అన్నాను.

"తెలుసురా. పొద్దున్నే రాజీనామా ఇచ్చేశాను."

మా అక్క చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "కూర్చుంటే జీతమిచ్చే ఉద్యోగం! నీకేం పోయేకాలం?"

"కూర్చుంటేనే కదే ఇస్తున్నారు," అన్నాడు మా బావ.

నాకు చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉంది. ఆ పాపానికి నేను పార్టీ కార్యదర్శినయ్యాను.

ఎన్నికల ఆఫీసుకి గుర్తు కోసం వెళ్ళాం. లిఫ్ట్ బొమ్మ కావాలన్నాడు. జాబితాలో లేదన్నారు. ఎందుకు లేదని మా బావ ముప్పావుగంట వాదించాడు. ఈ లోపల మా వెనకున్నవాళ్ళు గొడుగు, గంట, గాలిపటం, టోపీ అన్నీ పట్టుకుపోయారు. చివరికి ఒక్క గుర్తే మిగిలింది. నిచ్చెన.

మా బావ మొహం చూడాలి ఆ రోజు! తొమ్మిదేళ్ళు మెట్లతో పోరాడిన మనిషి ఓటెయ్యమని జనానికి నిచ్చెన చూపించాలి. "ఒరేయ్, కనీసం మెట్లకి పక్కన గోడైనా ఉంటుంది," అన్నాడు బయటికొచ్చి, మనిషి పోయినంత బాధగా.

ఇక కరపత్రం. అన్ని పార్టీలూ రెండు వైపులా, అంచుల దాకా వాగ్దానాలు నింపుతాయి. మా బావ ఇచ్చిన కాగితంలో ఒకే ఒక్క వాక్యం ఉంది. "ఆసుపత్రికి లిఫ్ట్ పెట్టిస్తాం."

"మిగతా కాగితం ఏం చెయ్యమంటావు?"

"ఖాళీగా వదిలెయ్. మనకి తెలిసింది అంతే."

వదిలేశాను. అదే మమ్మల్ని గెలిపించింది. వేరే పార్టీల కరపత్రాలు సాయంత్రానికల్లా చెత్తబుట్టలో పడ్డాయి. మావి మాత్రం బోలెడు ఖాళీ జాగాతో సరుకుల జాబితాకి, పాల లెక్కకి, పిల్లల కూడికలకి పనికొచ్చి, ఊళ్ళో ప్రతి వంటింట్లోనూ మేకుకి వేలాడాయి. ఓట్ల రోజు దాకా ఆడవాళ్ళు రోజుకి నాలుగుసార్లు ఆ వాక్యం చదివారు.

సభల్లో మా బావని నిలదీసేవాళ్ళు. "మంచినీళ్ళ సంగతేంటి?" అని ఒకాయన.

"నీళ్ళు బాగాలేకపోతే ఏమవుతుందండీ? కడుపునొప్పి. కడుపునొప్పి ముదిరితే? ఆపరేషన్. ఆపరేషన్ ఎక్కడ చేస్తారు?"

"నాలుగో అంతస్తు!" అని జనం అరిచేవాళ్ళు.

ఒక విలేకరి తెలివిగా, యుద్ధం వస్తే మీ పార్టీ విధానం ఏమిటని అడిగాడు. "యుద్ధమంటే గాయాలు తగులుతాయి కదండీ," అని మా బావ మొదలుపెట్టగానే ఆయన పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

నవ్వులాటగానే మొదలైంది. కానీ ఇంటింటికీ తిరుగుతున్నప్పుడు నాకు నవ్వడం కష్టమైపోయింది. ఒక కుట్టుమిషను ఆవిడ మమ్మల్ని చూసి మిషను ఆపింది. నేను కరపత్రం ఇవ్వబోతే, "వద్దు బాబూ, ఉంది," అంది. "మా ఆయన మూడో అంతస్తు దాకా మాట్లాడుతూనే ఉన్నాడట. ఆ పై మలుపులో ఆగిపోయాడు." మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. రెండో రోజు తనే వచ్చి పార్టీలో చేరింది. ఊళ్ళో ప్రతి వీధిలోనూ అలాంటి ఇల్లు ఒకటి తగిలింది. చాలా వీధుల్లో రెండు.

మున్సిపల్ కౌన్సిల్లో ఇరవై ఒక్క సీట్లు. ఒక పెద్ద పార్టీకి తొమ్మిది, ఇంకోదానికి ఎనిమిది వచ్చాయి. నిచ్చెనకి నాలుగు. మా బావ, కుట్టుమిషను ఆవిడ, ఒక మంగలి, ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు. మేము ఎటు మొగ్గితే అటే చైర్మన్. ఆ రాత్రి మా బావ నిద్రపోలేదు, మమ్మల్ని పోనివ్వలేదు. లిఫ్ట్ తలుపు పక్కకి జారేదా, మడతపడేదా అన్నది తేలలేదు.

మా పతనం కాలవతో మొదలైంది. తొలి సమావేశంలో మురుగు కాలవ తూర్పు వైపు తవ్వాలా, పడమర వైపా అని ఓటింగు పెట్టారు. మా పార్టీకి కాలవల మీద అభిప్రాయమే లేదు. మిగతా ముగ్గురూ మా బావ వంక చూశారు.

"కాలవ నేల మీద ఉంటుంది. మన పార్టీ పని నేల మీంచి పైకి," అన్నాడు.

అంతే, ఎవరి దారి వాళ్ళది. మంగలికి బజారు కమిటీ ఇస్తామన్నారు, తొమ్మిది మంది వైపు వెళ్ళిపోయాడు. డ్రిల్లు మాస్టారికి ఆటస్థలం ఆశ చూపారు, ఎనిమిది మంది వైపు కవాతు చేసుకుంటూ వెళ్ళాడు. నెల తిరక్కుండా మాకు ఇద్దరే మిగిలారు. అయినా రెండు వైపులా బలం ఇంచుమించు సమానం కాబట్టి ఆ ఇద్దరికీ ఇంకా విలువుంది.

అలాంటప్పుడు మా బావ ఒక పొద్దున కౌన్సిల్లో లేచి నిలబడి, తొమ్మిది మంది పార్టీ నుంచి చైర్మనైనాయన బడ్జెట్‌కి ఓటేసి, పార్టీని రద్దు చేస్తున్నానని చెప్పి కూర్చున్నాడు. ఎందుకో చెప్పలేదు.

ఊరు ఊరంతా ఉమ్మేసింది. కుట్టుమిషను ఆవిడ ఇంటికొచ్చింది. నిచ్చెన బ్యాడ్జి తీసి మా బావ ముందు బల్ల మీద పెట్టింది. ఒక్క మాట తిట్టినా బాగుండేది.

నేను ఊరుకోలేదు. "ఎంతకి అమ్ముడుపోయావు బావా?"

ఆయన, "లిఫ్ట్ మోటారు కింద పెట్టకూడదురా, పైనే పెట్టాలి..." అని మొదలుపెట్టాడు. నేను తలుపు ధడాలున వేసి వచ్చేశాను. నాలుగు నెలలు ఆ గడప తొక్కలేదు. ఈ లోపు ఆసుపత్రిలో లిఫ్ట్ గుంట తవ్వుతున్నారని, చైర్మన్‌గారి పేరుతో శిలాఫలకం చెక్కుతున్నారని విని పళ్ళు నూరుకున్నాను. మా పని, వాడి పేరు!

తర్వాత నాకు అపెండిక్స్ పగిలింది. ప్రెస్‌లోనే పడిపోయాను. ఆసుపత్రికి చేర్చేసరికి నాకు ఒంటి మీద స్పృహ సగమే ఉంది. లిఫ్ట్ ఇంకా సిమెంటు బస్తాల మధ్యే ఉంది. దుప్పటి పరిచారు. నలుగురూ పైకెత్తారు. కింద వైపు పొడుగాటివాళ్ళిద్దరు, తల వైపు పొట్టివాళ్ళిద్దరు.

తల వైపు ఒకడు మా బావ. రాజీనామా ఇచ్చి ఏడాదైంది, ఖాకీ బట్టలు లేవు, జీతం లేదు. దుప్పటి మూల రెండు చేతులా పట్టుకుని వెనక్కి నడుస్తూ మెట్లెక్కుతున్నాడు. మొహం నా వైపే ఉంది.

"కిందికి చూడకురా. నా మొహం చూడు. ఇప్పుడు తలుపులు మూసుకున్నాయి. చప్పుడు విన్నావా? మెత్తగా ఉంటుంది. ఇదిగో, ఒకటో అంతస్తు. ఎవరూ దిగేవాళ్ళు లేరు, పోనిద్దాం."

కడుపులో కత్తులు తిరుగుతున్నాయి. "చచ్చిపోతాను బావా."

"లిఫ్ట్‌లో ఎవరూ చచ్చిపోరు. రూల్సులో లేదు. బ్రేకు ఎలా పడుతుందో చెప్తాను విను, తర్వాత నన్ను ప్రశ్నలడుగు..."

బ్రేకు గురించి నాకొక్క ముక్క అర్థం కాలేదు. కానీ అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తూ ఉండగానే మూడో అంతస్తు దాటిపోయింది. నొప్పి గుర్తొచ్చేలోపు ఆయన ఇంకో స్విచ్చి గురించి చెప్పేవాడు. పైకి చేరేసరికి ఆయన చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది.

ఆపరేషన్ అయ్యాక కాళ్ళ వైపు మోసిన పొడుగాటాయన్ని అడిగాను. "ఆయన ఎప్పట్నుంచి మోస్తున్నాడు?"

"లిఫ్ట్ పోయిన రోజు నుంచీ సార్. పదేళ్ళు. అందరికీ ఇదే కథ చెప్తాడు. రోజంతా ఒకటే కథ చెప్పి చెప్పి ఆయనకిక వేరే మాట రావట్లేదు," అన్నాడు.

మా అక్క మంచం పక్కన కూర్చుని మిగతాది చెప్పింది. చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడట, ఒట్టు పక్కన పెట్టేసింది. చైర్మన్ కబురు పంపాడట. లిఫ్ట్ మీ పార్టీ పెట్టించిందంటే వచ్చే ఎన్నికల్లో మీరే ఉంటారు, మేముండం. పార్టీ ఎత్తెయ్, నోరు మూసుకో, రేపే డబ్బు మంజూరు చేస్తాను అన్నాడట.

"ఆలోచించుకుంటానని చెప్పాల్సింది కదా అన్నాను రా," అంది అక్క. "ఆ ఆలోచించే వారంలో ఎంతమందిని మొయ్యాలే అన్నాడు."

నాకు సిగ్గేసింది. ఆ సాయంత్రమే కుట్టుమిషను ఆవిడకి కబురు పెట్టి మొత్తం చెప్పాను. ఆవిడ వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "మా ఆయన చివరిదాకా మాట్లాడింది మీ బావతోనే అయ్యుంటుంది," అంది.

ఇరవై రోజులకి ప్రారంభోత్సవం. మా బావకి పిలుపు లేదు. గోడవారగా నిలబడ్డాడు. పక్కన నేను కడుపు పట్టుకుని, అటుపక్క కుట్టుమిషను ఆవిడ. చైర్మన్‌గారు రిబ్బను కత్తిరించి లోపలికెళ్ళారు. వెనకే అనుచరులు, ఫొటోగ్రాఫరు, మా మంగలి, మా డ్రిల్లు మాస్టారు దూరారు. లిఫ్ట్ కీచుమని అరిచి కదలనంది. కొత్త ఆపరేటరు చైర్మన్‌గారి మేనల్లుడు, కనపడిన మీటలన్నీ నొక్కేస్తున్నాడు. బయట స్ట్రెచర్ మీద ఒక ముసలావిడ ఎదురుచూస్తోంది.

"అయ్యా," అన్నాడు మా బావ, "బరువెక్కువైంది. ఆవిడకి ఆపరేషన్ టైమైంది. మీరు దిగాలి."

ఫొటోగ్రాఫరు కెమెరా పైకెత్తాడు. అది చూసి చైర్మన్‌గారు మొహం నిండా నవ్వు పులుముకుని, "ప్రజల మనిషిని! నడిచే వస్తాను!" అని మెట్లకేసి నడిచారు. అనుచరులూ దిగి ఆయన వెనకే నడిచారు. ముసలావిడ స్ట్రెచర్ లోపలికెళ్ళింది. తలుపులు మూసుకున్నాయి. ముప్పై సెకన్లలో నాలుగో అంతస్తు దీపం వెలిగింది. కుట్టుమిషను ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

అంతలో మెట్ల మీంచి కేకలు. చైర్మన్‌గారు అరవయ్యో మెట్టు దగ్గర, రెండు అంతస్తుల మధ్య మలుపులో కూలబడ్డారు. చెమటలు కారుతున్నాయి, పైకీ వెళ్ళలేరు, కిందికీ రాలేరు. అక్కడ లిఫ్ట్ ఆగదు. అనుచరులు కాగితాలతో విసురుతున్నారు.

ఎవరూ పిలవకుండానే మా బావ ఎక్కేశాడు. నేను మెల్లగా వెనకాలే వెళ్ళాను. ఆయన చైర్మన్‌గారి రెండు చేతులూ పట్టుకుని లేపి, తను వెనక్కి నడుస్తూ ఒక మెట్టు పైకేశాడు.

"అయ్యా, కిందికి చూడకండి. నా మొహం చూడండి. ఈ లిఫ్ట్ తాడు చూశారూ, అది ఒక తాడు కాదండి, ఆరు..."

"పార్టీ ఎత్తేశావు కదయ్యా," అని రొప్పారు చైర్మన్‌గారు. "ఇంకా లిఫ్టేనా?"

"పార్టీ లేకపోతేనేమండీ, మెట్లున్నాయిగా. ఎక్కండి."

ఒక్కో మెట్టూ ఎక్కించాడు. మూడో అంతస్తు దగ్గరికి వచ్చేసరికి చైర్మన్‌గారి మొహంలోకి కాస్త రంగొచ్చింది. ఆగి, ఊపిరి పీల్చుకుని, "మరి ఆ తాడు తెగితే?" అని అడిగారు.

పదేళ్ళలో ఆ మెట్ల మీద మా బావని తనంత తానుగా ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనేననుకుంటాను. మా బావ మొహం వెలిగిపోయింది. ఇక నాలుగో అంతస్తు దాకా చైర్మన్‌గారిని ఏ పార్టీ కాపాడలేదు. నేను గోడకి ఆనుకుని, కుట్లు గట్టిగా పట్టుకుని నవ్వాను.